రెండు గంటల టేబుల్

మహానగరానికి ఉద్యోగం మీద వచ్చిన కొత్తలో, బయట తినడం అంటే ఆకలి వేసినప్పుడు ఎదురుగా కనబడిన తలుపు తోసుకుని లోపలికి వెళ్లి కూర్చోవడమే అని నేను అనుకునేవాణ్ని. ఆ అలవాటుతోనే ఒక శనివారం రాత్రి ఎనిమిదింటికి, చాలామంది నోట పేరు విన్న ఒక రెస్టారెంట్‌కు ముందుగా ఏమీ చెప్పకుండా వెళ్లాను. తలుపు పక్కన ఎత్తైన చిన్న బల్ల వెనక నిలబడిన అమ్మాయి తెర మీది పేర్ల జాబితా ఒకసారి చూసి, ఎంతో మర్యాదగా, ఈ రాత్రికి ఖాళీ లేదని చెప్పింది. ఆమె భుజం మీదుగా తొంగి చూస్తే నాకు ఆరు టేబుళ్లు ఖాళీగా కనబడుతున్నాయి. వాటి మీద గ్లాసులు బోర్లించి, గుడ్డలు మడిచి, కొవ్వొత్తులు కూడా వెలిగించి ఉన్నాయి. మనుషులు మాత్రం లేరు. నా చెప్పులు చూసి వద్దన్నారేమోనని మనసు చివుక్కుమంది.

మా పెద్దమ్మ కూతురు అదే నగరంలో పదకొండేళ్లుగా రెస్టారెంట్ వంటగదుల్లో పని చేస్తోంది. ఆ రాత్రి ఆమెకు ఫోన్ చేసి నా అవమానమంతా వెళ్లబోసుకున్నాను. అక్క కాసేపు విని నవ్వేసింది. "ఒరేయ్, అవి ఖాళీ టేబుళ్లు కావురా, వాటి టైం ఇంకా కాలేదంతే. ఎనిమిదింటికి నలభై మందినీ ఒకేసారి కూర్చోబెడితే నలభై ఆర్డర్లూ ఒకేసారి లోపలికొచ్చి పడతాయి. నాకున్నవి రెండు చేతులే కదా" అంది. పావుగంటకు ఒకటి రెండు టేబుళ్ల చొప్పున మనుషులను లోపలికి వదిలితేనే పొయ్యిల దగ్గర పని సాగుతుందని, గదిలో కుర్చీలు ఎన్ని ఉన్నాయన్నది కాదు, ఏ పావుగంటలో వంటగది ఎంత మోయగలదన్నదే అసలు లెక్క అని ఆమె చెప్పేదాకా నాకు తట్టనే లేదు. ఆ తరువాత దాదాపు ఏడాది పాటు, ఆమెకు సెలవు దొరికే సోమవారాల్లో ఆమెతోనూ, మిగతా రోజుల్లో స్నేహితులతోనూ ఒంటరిగానూ తిరిగి నేను నేర్చుకున్నదంతా ఆ ఒక్క మాట చుట్టూనే తిరుగుతుంది. ఆ గదుల్లో మనం కొనుక్కునేది తిండి ఒక్కటే కాదు, కొంత సమయం.

రిజర్వేషన్ దగ్గరే చాలా దెబ్బలు తిన్నాను. గిరాకీ ఉన్న చోట్ల సరిగ్గా నెల రోజుల ముందు, ఒక నిర్ణీత గంటకు తేదీలు తెరుస్తారు. ఆ గంటకు ఫోన్ పట్టుకుని కూర్చోకపోతే రాత్రి ఏడున్నర, ఎనిమిది గంటల వేళలు రెండు నిమిషాల్లో మాయమైపోతాయి, మిగిలేవి సాయంత్రం అయిదున్నర లేదా రాత్రి తొమ్మిదిన్నర. మొదట్లో వాటిని తీసుకోవడం చిన్నతనంగా అనిపించేది. అక్క మాత్రం అయిదున్నరకే వెళ్లమంది. ఆ వేళకు వంటవాళ్లు అలసిపోయి ఉండరు, గిన్నెలన్నీ నిండుగా ఉంటాయి, వెయిటర్‌కు మాట్లాడే తీరిక ఉంటుంది. పైగా ఆ రోజు తెచ్చిన చేప అయిపోయిందని చెప్పించుకునే బాధ ఉండదు. ఆ సలహా విన్నాక నాకు దొరికిన భోజనాల నాణ్యత స్పష్టంగా మారింది. వెయిటింగ్ లిస్టును కూడా నేను తేలిగ్గా తీసేసేవాణ్ని. నిజానికి ఉచితంగా రద్దు చేసుకునే గడువు ముగియడానికి కాస్త ముందు, అంటే చాలా చోట్ల ముందురోజు మన భోజనం వేళకే, మనసు మార్చుకున్నవాళ్లంతా టేబుళ్లు వదిలేస్తారు. నాకు దొరికిన మంచి టేబుళ్లలో సగం ఆ గంటలో పట్టినవే.

కార్డు నంబరు అడిగితే మొదటిసారి నాకు కోపం వచ్చింది. తినకముందే డబ్బు ఎందుకు అనుకున్నాను. ఆ కోపం తీరకముందే నేనే తప్పు చేశాను. నలుగురికి టేబుల్ తీసుకుని, ఇద్దరు రానంటే మిగిలిన ఇద్దరం కూడా మానేశాం. రద్దు చేయడం నేను మరచిపోయాను. మరునాడు నలుగురి పేరనా రుసుము నా కార్డులోంచి పోయింది. అక్కతో చెప్పుకుంటే ఓదారుస్తుందనుకున్నాను; ఆమె లెక్క చెప్పింది. వాళ్ల భాషలో ఒక మనిషి భోజనం ఒక కవర్, ఒకే టేబుల్ ఒకే రాత్రి రెండుసార్లు నిండితే రెండు టర్నులు. ముప్ఫై కుర్చీల గదిలో నలుగురు రాకపోతే ఆ టర్నులో ఎనిమిదో వంతుకు పైగా పోయినట్టే, అయితే చేప కొన్న డబ్బూ కూలీ మాత్రం ముందే ఖర్చయిపోయి ఉంటాయి. ఆలస్యానికీ ఇదే వర్తిస్తుంది. చాలా చోట్ల పదిహేను నిమిషాలు చూస్తారు, ఆ తరువాత టేబుల్ మరొకరిది. ఇరవై నిమిషాలు ఆలస్యంగా వెళ్లి, కూర్చోనిచ్చినా మన గడువులోంచే ఆ ఇరవై నిమిషాలు తగ్గిస్తే ఫిర్యాదు చేయడానికి ఏమీ ఉండదని ఆ రుసుము కట్టాక ఒప్పుకున్నాను.

ఆ గడువు ఇద్దరికి గంటన్నర, నలుగురికి రెండు గంటలు అని రిజర్వేషన్ కాగితంలో చిన్న అక్షరాలతో రాసి ఉంటుంది. ఇక్కడ ఒక చిత్రమైన సంగతి చెప్పాలి. రెస్టారెంట్ అనే మాట పద్దెనిమిదో శతాబ్దపు పారిస్‌లో, నీరసించిన ఒంటికి సత్తువ తెచ్చే చిక్కటి మాంసరసానికి పేరుగా ఉండేది. దానిని అమ్మే చోట్లకూ తరువాత అదే పేరు స్థిరపడింది. అంతకు ముందటి సత్రాల్లో యజమాని పెట్టిన వేళకు, అందరితో పాటు ఒకే పొడవాటి బల్ల దగ్గర, వండినదేదో తినాలి. ఈ కొత్త చోట్ల ప్రత్యేకత ఏమిటంటే, మనకు నచ్చిన వేళకు వెళ్లి, మనకంటూ వేరే బల్ల దగ్గర కూర్చుని, ధరలు రాసిన జాబితాలోంచి కోరుకోవచ్చు. బల్లా జాబితా మిగిలాయి కానీ, వేళ మాత్రం తిరిగి యజమాని చేతికే వెళ్లిపోయింది.

ఏ చోటికి వెళ్లాలన్నది తేల్చుకోవడంలోనూ కొంత కాలం పోయింది. మిషెలిన్ అనే టైర్ల కంపెనీ కార్లు నడిపేవాళ్ల కోసం 1900లో మొదలుపెట్టిన చేతిపుస్తకమే 1926లో నక్షత్రాలు ఇవ్వడం ప్రారంభించిందని, ఆ నక్షత్రం పళ్లెంలోని వంటకే తప్ప గది అందానికో వడ్డనకో ఇచ్చేది కాదని తెలియక, నక్షత్రం ఉన్న ఒక చోటికి వెళ్లి, కుర్చీలు ఇరుకుగా ఉన్నాయని సణిగాను. ఇప్పుడు నేను పెద్ద జాబితాలను అంతగా చూడను. ఒక చోటు మెనూ ఒక్క పుటలో ఇమిడితే, అందులో నాలుగు వంటకాలు కాలాన్ని బట్టి మారుతుంటే, అది చాలు.

ఇక కాక్‌టెయిల్ బార్ల విషయం. రాత్రి భోజనం తొమ్మిదింటికి దొరికినప్పుడు మధ్యలో మిగిలే గంటన్నర కోసమే నేను వాటిలోకి అడుగుపెట్టాను. మొదటిసారి మెనూ తెరిస్తే పన్నెండు పేర్లు ఉన్నాయి, వాటిలో ఒక్కటీ అర్థం కాలేదు. తెలియదని చెప్పడానికి సిగ్గుపడి, ఎక్కడో విన్న పేరు కదా అని నెగ్రోనీ ఇమ్మన్నాను. ఎర్రగా మెరుస్తూ వచ్చిన ఆ గ్లాసు చూసి పండ్లరసంలా ఉంటుందనుకుని పెద్ద గుక్క వేశాను. వేపాకు నమిలినట్టయింది. జిన్, తీపి వెర్మూత్ అనే మూలికల వైన్, కాంపరీ అనే చేదు లిక్కర్ మూడూ సమభాగాలుగా కలిపితే నెగ్రోనీ అవుతుంది. 1919లో ఫ్లోరెన్స్ నగరంలో కౌంట్ బిరుదున్న ఒక ప్రభువు తన పానీయంలో సోడాకు బదులు జిన్ పోయమని అడగడంతో పుట్టిందని చెప్పుకుంటారు. ఆ కౌంట్‌ను తిట్టుకుంటూనే, పక్కవాళ్లు చూస్తున్నారేమోనని గ్లాసు ఖాళీ చేశాను. వెంటనే రెండోది కూడా తెప్పించుకున్నాను, ఎందుకంటే మొదటిది అలవాటైపోయింది.

ఆ రాత్రి భోజనం గురించి నాకు గుర్తున్నది చాలా తక్కువ. మరునాడు కాగితం మీద లెక్క వేసి చూస్తే కారణం తెలిసింది. ముప్ఫై మిల్లీలీటర్ల జిన్‌లో నలభై శాతం అంటే 12 మిల్లీలీటర్ల ఆల్కహాల్, ఇరవై అయిదు శాతం ఉండే కాంపరీలో ఏడున్నర, పదహారు శాతం ఉండే వెర్మూత్‌లో అయిదుకు కాస్త తక్కువ. మొత్తం 24 మిల్లీలీటర్లు, బరువులో సుమారు 19 గ్రాములు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో ఒక ప్రామాణిక డ్రింక్ అంటే 10 గ్రాములు, కనుక ఒక్క గ్లాసే దాదాపు రెండు. మనిషిని బట్టి మారినా, కాలేయం గంటకు ఏడెనిమిది గ్రాములకు మించి పెద్దగా వదిలించుకోలేదు. నేను ఖాళీ కడుపుతో గంటలో తాగిన రెండు గ్లాసులు ఒంట్లోంచి పోవడానికి అయిదు గంటలు కావాలి. నా టేబుల్ గడువేమో గంటన్నర. చిన్న గ్లాసు కనుక తక్కువే అని కళ్లు చెబుతాయి. కళ్ల మాట నమ్మకూడదు.

రెండోసారి అక్క వెంట వచ్చింది. కౌంటర్ దగ్గరే కూర్చుందామంది. నేను మూలనున్న సోఫా చూపించాను కానీ వినలేదు. ఇద్దరు ఉన్నప్పుడు కౌంటర్ దగ్గరి ఎత్తు కుర్చీలకు చాలా చోట్ల రిజర్వేషన్ అక్కరలేదని, చేసే మనిషి ఎదురుగా ఉంటాడు కనుక అడగడం తేలికని ఆమె వాదన. "పేరు చెప్పకురా, నీకేం కావాలో చెప్పు. పులుపా, తీపా, చేదా. ఘాటుగా ఉండాలా, తేలిగ్గానా. ఏది పడదో చెప్పు. మిగతాది ఆయన చూసుకుంటాడు" అంది. నేను అలాగే, పులుపు ఇష్టమని, చేదు వద్దని, తేలికగా ఉంటే చాలని చెప్పాను. బార్‌టెండర్ ముఖంలో వెటకారం కనబడుతుందేమోనని చూశాను, ఆయన "రమ్ పడుతుందా మీకు?" అని మాత్రం అడిగి, రమ్, నిమ్మరసం, చక్కెర పాకం తప్ప మరేమీ లేని డైకిరీ చేసి ఇచ్చారు. అంత చక్కటి పానీయం నేను అంతకు ముందు తాగలేదు. అక్క మరునాడు ఉదయం డ్యూటీ ఉందని మద్యం లేకుండా అడిగింది. ఆమె గ్లాసుకూ ఆయన అంతే జాగ్రత్తగా కొలతలు వేశారు, అంతే సేపు రుచి చూశారు. మద్యం అడగనివాళ్లకు ఏ సోడా సీసానో తీసి ఇచ్చేసే బార్లను అప్పటి నుంచి నేను మనసులోనే కొట్టేస్తున్నాను.

ఆ కౌంటర్ దగ్గర చూసిన ఒక పని గురించి వివరంగా చెప్పాలని ఉంది. నా పక్కాయన ఓల్డ్ ఫ్యాషన్డ్ అనే విస్కీ కాక్‌టెయిల్ అడిగారు. బార్‌టెండర్ చల్లటి మందపాటి గాజుపాత్ర తీసి, అందులో కాస్త చక్కెర పాకం పోసి, సీసాను ఒక్క ఉదుటున వంచి బిట్టర్స్ అనే ఘాటైన చేదు ద్రవం రెండు విదిలింపులు వేశారు. తరువాత జిగ్గర్ అనే కొలత గిన్నెను పాత్ర మీదనే పట్టుకుని విస్కీ పోశారు. అంచు దాకా నిండి, పైన పలచటి గుబ్బలా ఉబ్బి, ఇక ఒక్క చుక్క పడితే ఒలుకుతుందనగా ఆపి వంచేశారు. ఐస్ ముక్కను అరచేతిలో పెట్టుకుని పొడవాటి చెంచా వెనక భాగంతో ఒక్కటి కొట్టి పగలగొట్టారు. ఆపై చెంచా వీపు గాజుకు ఆనుకుని జారుతుండగా, చప్పుడు లేకుండా, మణికట్టు కదలకుండా వేళ్లతోనే తిప్పడం మొదలుపెట్టారు. మధ్యలో ఒక స్ట్రా ముంచి, పై చివర వేలితో మూసి, అందులో నిలిచిన నాలుగు చుక్కలు నాలుక మీద వేసుకుని, తల అడ్డంగా ఊపి, మళ్లీ తిప్పారు. పది పన్నెండు చుట్ల తరువాత మళ్లీ రుచి చూసి, పెద్ద ఐస్ గడ్డ వేసిన గ్లాసులోకి వడగట్టారు. చివర నారింజ తొక్కను గ్లాసు మీద వంచి నొక్కితే, వెనకనున్న దీపం వెలుగులో నూనె తుంపర సన్నటి పొగలా లేచి పానీయం మీద వాలడం కనబడింది.

తల ఎందుకు అడ్డంగా ఊపారని అడిగాను. నీళ్లు ఇంకా చాలలేదని చెప్పారు. ఐస్ చల్లబరచడానికే అనుకునే నాకు ఇది కొత్త. కలిపేటప్పుడు కరిగే నీళ్లు కూడా ఆ పానీయంలో ఒక దినుసేనట. పూర్తయిన గ్లాసులో సుమారు నాలుగో వంతు ఆ నీళ్లే ఉంటాయి, అవి చాలకపోతే గొంతు మండుతుంది, ఎక్కువైతే చప్పబడుతుంది. న్యూయార్క్ రాష్ట్రంలోని హడ్సన్ అనే ఊళ్లో 1806లో ఒక పత్రిక కాక్‌టెయిల్ అంటే ఏమిటో చెబుతూ మద్యం, చక్కెర, నీళ్లు, బిట్టర్స్ అని నాలుగు పేర్లు రాసింది. ఆ నీళ్లు ఇవే. నిమ్మరసం ఉన్నదానిని షేకర్‌లో వేసి గట్టిగా కుదిపితే గాలి చేరి నురుగు కట్టి రుచి విచ్చుకుంటుంది. అన్నీ తేటగా ఉన్న పానీయాన్ని మాత్రం మబ్బుపట్టకుండా తిప్పాలి. గ్లాసులో వేసిన ఆ పెద్ద ఐస్ గడ్డ ఆడంబరం అనుకున్నాను కానీ, దానికీ లెక్క ఉంది. అయిదు సెంటీమీటర్ల గడ్డ ఒకటీ, రెండున్నర సెంటీమీటర్ల ముక్కలు ఎనిమిదీ ఒకే పరిమాణం. అయితే చిన్న ముక్కలకు తగిలే ఉపరితలం రెండింతలు, కనుక అవి తొందరగా కరుగుతాయి. అద్దంలా కనబడడానికి కారణం నీటిని ఒకే వైపు నుంచి గడ్డకట్టించడం. అలా చేస్తే లోపలి గాలి అవతలి కొసకు నెట్టబడుతుంది, ఆ తెల్లటి కొసను కోసి పారేస్తారు.

కొన్ని బార్లకుండే బోర్డు లేని తలుపులు, గొంతు తగ్గించి మాట్లాడమనే నియమాలు నాకు మొదట్లో నాటకంలా తోచాయి. ఇప్పటికీ కొన్ని చోట్ల నాటకమే. అమెరికాలో 1920 నుంచి 1933 దాకా మద్యనిషేధం ఉన్నప్పుడు చాటుగా నడిచిన బార్ల జ్ఞాపకం అది. ఇప్పుడు నిషేధం లేదు, పోలీసులూ రారు, పుస్తకాల బీరువా నెట్టి లోపలికి వెళ్లడం మాత్రం మిగిలింది. అయితే న్యూయార్క్‌లో 1999 చివర సాషా పెట్రాస్కీ తెరిచిన మిల్క్ అండ్ హనీ అనే చిన్న బారు అలాంటి తలుపు వెనకే ఉంటూ, గోల చేయవద్దని నియమాలు పెట్టి, కొలతనూ మంచి ఐస్‌నూ తాజా రసాలనూ పట్టించుకోవడంతో, ప్రపంచంలో చాలా బార్లు ఆ దారి పట్టాయి. నేను వెళ్లిన మంచి బార్లలో అందరూ కూర్చునే ఉండడం, నిలబడడానికి చోటు లేకపోవడం గమనించాను. ఆరుగురం గుంపుగా వెళ్లి రెండుసార్లు వెనక్కి వచ్చాక, ఇలాంటి చోట్లకు ముగ్గురికి మించి వెళ్లడం మానేశాం.

ఇప్పుడు నా క్రమం ఇలా ఉంటుంది. భోజనానికి ముందు తేలికైనది ఒక్కటే, అదీ కాసిని బాదంపప్పులో బ్రెడ్డో నోట్లో వేసుకుంటూ, పక్కన మంచినీళ్ల గ్లాసుతో. ఘాటైనది తాగాలనిపిస్తే భోజనం అయ్యాక, నెమ్మదిగా. కడుపులో తిండి ఉంటే ఆల్కహాల్ రక్తంలోకి చేరడం మందగిస్తుందన్నది ఒక కారణం, వంట రుచి తెలియాలన్నది మరొకటి. తిరిగి వెళ్లేది ఎలాగన్నది ఇంట్లోంచి బయలుదేరేముందే తేల్చుకుంటాను, ఎందుకంటే రెండో గ్లాసు తరువాత నా తీర్పు మీద నాకు నమ్మకం లేదు.

భోజనం దగ్గర నేర్చుకున్నదానిలో ముఖ్యమైనది మాట్లాడడమే. నాకు జీడిపప్పు పడదు. కొత్తలో ఆ సంగతి ఆర్డర్ ఇచ్చేటప్పుడు నోటి మాటగా చెప్పేవాణ్ని. ఒకసారి పెదవులు వాచి భోజనం మధ్యలో లేవవలసి వచ్చింది. వంటగదిలో పాస్ అనే బల్ల ఉంటుంది, అక్కడ ప్రతి టేబుల్‌కూ ఒక చీటీ వేలాడుతుంది, ఆ చీటీ మీద లేనిది వంటవాడికి లేనట్టేనని అక్క అంటుంది. ఇప్పుడు రిజర్వేషన్‌లోనే రాస్తాను, కూర్చోగానే మళ్లీ చెబుతాను, ఇష్టం లేదని కాక ఎలర్జీ అనే మాటే వాడతాను, రాసుకున్నారో లేదో చూస్తాను. యూరోపియన్ యూనియన్‌లో 2014 డిసెంబర్ నుంచి రెస్టారెంట్లు కూడా పద్నాలుగు రకాల ఎలర్జీ దినుసుల సమాచారం తప్పనిసరిగా ఇవ్వాలి, వాటిలో ఈ పప్పులూ ఉన్నాయి; నియమం ఉన్నా లేకపోయినా అడిగితే తిట్టే రెస్టారెంట్ నాకు ఇంతవరకు తగలలేదు. బార్‌లోనూ అడగాలన్నది ఆలస్యంగా తెలిసింది, బాదం పాకం, గుడ్డు తెల్లసొన కొన్ని కాక్‌టెయిళ్లలో పేరు చెప్పకుండా ఉంటాయి.

అన్నీ ఒకేసారి చెప్పేయడం కూడా మానేశాను. మొదటి రెండు వంటకాలు చెప్పి, అవి వచ్చాక మిగతావి చూద్దామంటే కొన్ని చోట్ల వెయిటర్ ముఖం మాడ్చుకుంటారు, ఎందుకంటే వంటగదికి మొత్తం ఆర్డర్ ముందే తెలిస్తేనే ఏది ఎప్పుడు మొదలుపెట్టాలో తేలుతుంది. అందుకు మధ్యేమార్గం ఒకటి అక్క నేర్పింది. ఆర్డర్ మొత్తం ఇచ్చేసి, "మాకు తొందర లేదు, మొదటివి తిన్నాక రెండోవి పంపండి" అని చెప్పడం. అప్పుడు వంటకాలు చీటీ మీద వరుసగా ఆగి ఉంటాయి, వెయిటర్ మన పళ్లేలు చూసి లోపల మాట చెబుతారు, వాళ్లు ఫైర్ అని కేక వేస్తే అప్పుడే పొయ్యి మీదికి ఎక్కుతుంది. ఒకసారి కౌంటర్ దగ్గరి నుంచి ఇది చూశాను. నేను ఆఖరి ముద్ద నోట్లో పెట్టుకోగానే, ఎదురుగా ఒక కుర్రాడు పెనం మీద చేప తోలు వైపు కిందికి పెట్టి, వేళ్లతో అరనిమిషం అదిమి పట్టుకున్నాడు. అది నా చేప అని తెలిసి, ఎందుకో మొహమాటపడ్డాను.

ఫిర్యాదు చేయడం నాకు చేతకాదు. ఒక చోట సూప్ చల్లారిపోయి వచ్చింది. అడగడానికి బిడియపడి సగం తిని, బయటికి వచ్చాక అక్క దగ్గర విసుక్కున్నాను. "రెండో చెంచాకే చెప్పి ఉంటే రెండు నిమిషాల్లో వేడిగా వచ్చేది, ఇప్పుడు నాతో చెబితే నేనేం చేస్తాను?" అని ఆమె చీవాట్లు పెట్టింది. తరువాత ఒకసారి ఉప్పు ఎక్కువైన పుట్టగొడుగుల గురించి నిజంగానే రెండో ముద్దకే చెప్పాను. గొంతు తగ్గించి, పళ్లెం దాదాపు నిండుగా ఉండగా, ఏం కావాలో కూడా చెప్పి. ఏ వాదనా లేకుండా మార్చి తెచ్చారు. అంతే సంగతి.

బిల్లు దగ్గర ఒక మోసం కాని మోసం ఉంది. ఒక చోట సర్వీస్ చార్జీ అన్న పంక్తి ముందే కలిపి ఉండగా, కార్డు యంత్రం తెర మీద మళ్లీ టిప్ ఎంత ఇస్తారని మూడు శాతాలు చూపించింది. వెయిటర్ పక్కనే నిలబడి ఉన్నారు. నేను మధ్యది నొక్కేశాను, ఇంటికి వెళ్లి కాగితం చూసుకుంటే ఒకే పనికి రెండుసార్లు ఇచ్చినట్టు తేలింది. ఇప్పుడు యంత్రం ముట్టుకోకముందే బిల్లు కిందినుంచి పైకి చదువుతాను. అడగని నీళ్ల సీసా, అడగకపోయినా వచ్చిన బ్రెడ్డు ఆ చదువులోనే బయటపడ్డాయి. ఆరుగురు వెళితే ఎవరెవరు ఏం తిన్నారని టేబుల్ దగ్గర లెక్క పెట్టుకోవడం మానేసి, సమానంగా పంచుకోవాలని బయలుదేరేముందే ఒప్పుకుంటాం. తాగనివాళ్ల వాటాలోంచి మద్యం ఖర్చు తీసేస్తాం. ఆ పద్ధతి పెట్టినది అక్కే.

పోయిన నెల, మొదట్లో నన్ను వెనక్కి పంపిన ఆ రెస్టారెంట్‌లోనే ఇద్దరికీ టేబుల్ దొరికింది. సోమవారం, సాయంత్రం అయిదున్నర. మేము లోపలికి వెళ్లేసరికి అన్ని టేబుళ్లూ ఖాళీగానే ఉన్నాయి, అన్నిటి మీదా కొవ్వొత్తులు వెలుగుతున్నాయి. అక్క కూర్చోగానే పాస్ వైపు మెడ సాచి చూసి, "ముగ్గురే ఉన్నార్రా లోపల, పెద్దవి చెప్పకు" అంది. నాలుగు చిన్న వంటకాలు చెప్పాం, నెమ్మదిగా తిన్నాం. ఏడు కావడానికి పది నిమిషాలు ఉందనగా నేను గడియారం చూశాను, అక్క అప్పటికే సంచి భుజాన వేసుకుంది. తలుపు దగ్గర చిన్న బల్ల ముందు ఒక కుర్రవాడు నిలబడి, హోస్ట్ భుజం మీదుగా లోపలి ఖాళీ టేబుళ్లను చూస్తున్నాడు. మేము అతన్ని దాటి బయటికి వచ్చేసరికి, వెనక అద్దంలోంచి, మా టేబుల్ మీద కొత్త గుడ్డ పరుస్తున్న వెయిటర్ చేతులు కనబడ్డాయి.